నైరోబీ కిబెరా క్లినిక్‌లో వాలంటీర్‌గా వెళ్లాలనుకుంటున్న కొత్త డాక్టరుకు

ప్రశ్న: హౌస్ సర్జన్సీ ఈ మధ్యే అయిపోయింది. పీజీ ఎంట్రన్స్‌కి ముందు కొంత ఖాళీ ఉంది. కెన్యా రాజధాని నైరోబీలో, కిబెరా అనే మురికివాడలోని ఒక క్లినిక్‌లో ఆరు వారాలు వాలంటీర్‌గా చేయాలనుంది. ఒక ఏజెన్సీ టికెట్ కాకుండా లక్షన్నర అడుగుతోంది. నేను వెళ్తే వాళ్లకి నిజంగా ఉపయోగం ఉంటుందా? మందులు పట్టుకెళ్లాలా? ఇంట్లో అమ్మానాన్న భద్రత గురించి టెన్షన్ పడుతున్నారు.

జవాబు:

డాక్టరమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. వెళ్లొచ్చు. కానీ మూడేళ్ల డిప్లొమా చేసిన క్లినికల్ ఆఫీసర్ పక్కన కుర్చీ వేసుకుని, ఆయనో ఆమో చెప్పినట్టు పనిచేయడానికి మీ మనసు ఒప్పుకుంటేనే వెళ్లండి. ఒప్పుకోకపోతే ఆ డబ్బు దాచుకుని పీజీకి చదువుకోండి, అందులో తప్పేమీ లేదు.

నేను పిల్లల డాక్టర్ని. నైరోబీలో కొన్నేళ్లు ఉన్నాను, అందులో కొంతకాలం కిబెరా లోపలే పనిచేశాను. వచ్చిపోయే వాలంటీర్లను రకరకాల దేశాల వాళ్లను చూశాను. మన దేశం నుంచి వచ్చేవాళ్లతో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంటుంది. అమెరికా నుంచో జర్మనీ నుంచో వచ్చిన స్టూడెంట్‌కి తనకేమీ తెలియదని తెలుసు. భయపడతాడు, ప్రతిదీ అడుగుతాడు. మనం అలా కాదు. జీజీహెచ్‌లో ఒక్క పూటలో వంద మందిని చూసిన ఓపీలు, ఒకే మంచం మీద ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టిన వార్డులు దాటి వచ్చాం. పేదవాళ్ల జబ్బులు మనకి కొత్తేంటి అనిపిస్తుంది. అందులో సగం నిజమే. మిగతా సగమే పేషెంట్ మీదకి వస్తుంది.

క్లినికల్ ఆఫీసర్ అనగానే మనవాళ్లకి ఆర్ఎంపీ గుర్తొస్తాడు. ఆ పోలికని ఇక్కడే వదిలేసి విమానం ఎక్కండి. కెన్యాలో అది చట్టం గుర్తించిన వృత్తి. కెన్యా మెడికల్ ట్రైనింగ్ కాలేజీ లాంటి చోట్ల మూడేళ్లు చదివి, ఆ పైన ఇంటర్న్‌షిప్ చేసి, తమ సొంత కౌన్సిల్‌లో రిజిస్టర్ అవుతారు. మందులు రాస్తారు, చిన్న సర్జరీలు చేస్తారు. ఆపైన చదివినవాళ్లు మత్తు ఇస్తారు, కంట్లో శుక్లాలు కూడా తీస్తారు. అక్కడ ఆరోగ్య వ్యవస్థకి 6 లెవెల్స్ ఉన్నాయి. లెవెల్ 1 అంటే మన ఆశా వర్కర్లలాగా ఇంటింటికీ తిరిగేవాళ్లు, 2 డిస్పెన్సరీ, 3 హెల్త్ సెంటర్, అలా పైకి వెళ్తే 6లో కెన్యాట్టా నేషనల్ హాస్పిటల్ లాంటివి. మీరు వెళ్లే క్లినిక్ చాలావరకు లెవెల్ 2 లేదా 3 అయి ఉంటుంది. అక్కడ ఎంబీబీఎస్ స్థాయి డాక్టర్ రోజూ ఉండకపోవచ్చు. ఓపీ అంతా క్లినికల్ ఆఫీసర్లు, నర్సుల చేతుల మీదే నడుస్తుంది. అలా నడిచేలాగే దాన్ని కట్టుకున్నారు కాబట్టి, మీరు లేకపోవడం అక్కడ లోటేమీ కాదు.

జ్వరం సంగతి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది. నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంది. జూలైలో స్వెట్టర్ లేకుండా పొద్దుటి ఓపీలో కూర్చోలేరు. ఆ ఎత్తులో, ఆ చలిలో, మలేరియా సిటీలోనే అంటుకోవడం తక్కువ. కానీ కిబెరా జనంలో చాలామందిది పడమటి కెన్యా, విక్టోరియా సరస్సు వైపు నుంచి వచ్చిన లువో, లుహ్యా తెగల కుటుంబాలు. అటు మలేరియా విపరీతం. స్కూలు సెలవులకి పిల్లల్ని అమ్మమ్మ దగ్గరికో నానమ్మ దగ్గరికో పంపుతారు. తిరిగొచ్చిన కొద్ది రోజులకి ఒళ్లు కాలిపోతోందని ఎత్తుకొస్తారు. అందుకే అక్కడ జ్వరం పేషెంట్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న, ఈ మధ్య ఊరికి వెళ్లొచ్చారా అని. సిటీలో పుట్టి పెరిగిన పిల్లకి మలేరియాని తట్టుకునే శక్తి ఉండదు, చూస్తుండగానే సీరియస్ అయిపోతుంది.

మన దగ్గర నుంచి వచ్చిన ఒక కుర్ర డాక్టర్ ఇలాంటి పాపకే, దగ్గు కూడా ఉందని, సెఫ్ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ రాసేశాడు. పక్కనున్న క్లినికల్ ఆఫీసర్ ఏమీ అనలేదు. సరస్సు ఒడ్డునున్న కిసుము నుంచి బస్సు దిగి ఎన్ని రోజులైంది అని తల్లిని అడిగింది, వేలి చివర రక్తం తీసి మలేరియా కిట్ మీద వేసింది, పాజిటివ్. ఆ అబ్బాయి తెలివి తక్కువవాడేం కాదు. ఇక్కడైతే ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు, అంతే. ఇంకొకటి. మన మైదాన ప్రాంతాల్లో వైవాక్స్ రకం మలేరియా ఎక్కువ చూస్తాం కాబట్టి పెన్ను క్లోరోక్విన్ వైపు పోతుంది. అక్కడ దాదాపు అంతా ఫాల్సిపారం రకమే. మామూలు మలేరియాకి ఆర్టిమెథర్-ల్యూమెఫాంట్రిన్, మూడు రోజుల్లో ఆరు డోసులు. అదీ టెస్టు చేశాకే.

సరస్సు ప్రాంతం వాళ్లలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు కూడా ఎక్కువ. పాడేరు వైపో ఆదిలాబాద్ వైపో పనిచేసినవాళ్లు దీన్ని పట్టుకుంటారు. కోస్తా టౌన్లలో మాత్రమే ఓపీ చూసినవాళ్లు మిస్సవుతారు. ఏడాది పిల్లాడు అరచేతులు, పాదాలు వాచి ఆపకుండా ఏడుస్తుంటే, దెబ్బ తగిలిందనో చీము పట్టిందనో అనుకునే ముందు ఇది గుర్తు తెచ్చుకోండి.

టైఫాయిడ్ విషయంలో మాత్రం మనకీ వాళ్లకీ ఒకే చెడ్డ అలవాటు ఉంది. ఒక్క వైడాల్ టెస్టు చూసి టైఫాయిడ్ అని చెప్పేయడం. కిబెరాలో టైఫాయిడ్ నిజంగానే ఎక్కువ. ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి, బ్లడ్ కల్చర్ చేసి లెక్క తీసినప్పుడు పల్లె ప్రాంతం కన్నా అక్కడ చాలా ఎక్కువని, అందులోనూ పిల్లల్లో మరీ ఎక్కువని తేలింది. అలాగని వైడాల్ నమ్మదగిన టెస్టు అయిపోదు. గల్లీలో ప్రతి నాలుగో షాపూ మందుల షాపే, సిప్రోఫ్లాక్సాసిన్ చీటీ లేకుండా దొరుకుతుంది. మీ దగ్గరికి వచ్చేసరికి పేషెంట్ సగం కోర్సు వాడేసి ఉంటాడు. ఇప్పటిదాకా ఏం వాడారని అడగడం మనకి ఇక్కడే అలవాటు. అది అక్కడ బాగా పనికొస్తుంది.

హెచ్ఐవీ దగ్గర మన అలవాటు పూర్తిగా మార్చుకోవాలి. మన హౌస్ సర్జన్సీలో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ ఒక మూల, మన ఓపీ ఇంకో మూల. అక్కడ తల్లీబిడ్డల బుక్కు తెరిస్తే తల్లి టెస్టు ఎప్పుడు చేశారు, బిడ్డకి ఆరు వారాలకి చేశారా, ఫలితం ఏంటి, టీకాలు, బరువు అన్నీ వరసగా ఉంటాయి. బరువు పెరగని ప్రతి పిల్ల విషయంలోనూ ఆ పేజీ తిప్పి చూడాల్సిందే. నర్సు ఆ ప్రశ్నని టీకాల గురించి అడిగినంత మామూలుగా అడుగుతుంది. మనం గొంతు తగ్గించి, మొహం ఒకలా పెట్టి అడిగామంటే ఆ తల్లి ఇక నోరు విప్పదు. మొదటి వారం మీరు అడగకండి. నర్సు ఎలా అడుగుతోందో వినండి.

చదువుకోవడానికి పుస్తకం కావాలంటే, కెన్యా ఆరోగ్య శాఖ వేసిన బేసిక్ పీడియాట్రిక్ ప్రోటోకాల్స్ అని చిన్న బుక్కు ఉంది, నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. వెళ్లే ముందు అది పూర్తిగా చదవండి. దగ్గుతో వచ్చిన పిల్లకి ఊపిరి లెక్కపెట్టడం, రెండు నెలల నుంచి ఏడాది లోపు నిమిషానికి 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే న్యుమోనియా అనుకోవడం, వేరే ప్రమాద లక్షణాలు లేకపోతే నోటి ద్వారా అమోక్సిసిలిన్ ఇచ్చి పంపడం. ఇవన్నీ చిన్నపిల్లల జబ్బుల మీద మనకి చెప్పే ఐఎంఎన్‌సీఐ క్లాసులో విన్నవే. విని పరీక్ష రాసేసి మర్చిపోతాం. అక్కడ రోజూ నిజంగా లెక్కపెడతారు.

ఇక కాగితాలు. మన ఎంబీబీఎస్, మన రిజిస్ట్రేషన్ కెన్యాలో చెల్లవు. విదేశీ డాక్టర్ పేషెంట్‌ని ముట్టుకోవాలంటే కెన్యా మెడికల్ ప్రాక్టీషనర్స్ అండ్ డెంటిస్ట్స్ కౌన్సిల్ నుంచి తాత్కాలిక లైసెన్స్ ఉండాలి. దానికి మన కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ కావాలి, అక్కడ మిమ్మల్ని పిలుస్తున్న సంస్థ బాధ్యత తీసుకోవాలి. వీసా సంగతీ అంతే. 2024 జనవరి నుంచి కెన్యా ఈటీఏ అని ఆన్‌లైన్ అనుమతి ఇస్తోంది. టూరిస్టుగా తీసుకున్న ఈటీఏ మీద జీతం లేని పని కూడా చేయకూడదు. వాలంటీర్ పనికి ఇమిగ్రేషన్ వాళ్లిచ్చే పాసో పర్మిటో వేరేగా ఉండాలి. "అవన్నీ అక్కర్లేదు మేడమ్, అందరూ టూరిస్టుగానే వస్తారు" అని ఏజెన్సీ అంటే ఫోన్ పెట్టేయండి. ఏదైనా తేడా వస్తే ఏజెన్సీ వాడు దొరకడు. క్లినిక్ రిజిస్ట్రేషన్ పోతుంది, మీ పేరు మీద మచ్చ ఉంటుంది, పీజీ తర్వాత బయటి దేశాల్లో లైసెన్స్‌కి అప్లై చేసినప్పుడు అది బయటికొస్తుంది. లైసెన్స్ ఆరు వారాల్లోపు రాదనుకుంటే పేషెంట్లను చూడని పనే ఒప్పుకోండి. అలాంటి పని చాలా ఉంది, కింద చెప్తాను.

ఏజెన్సీని అంచనా వేయడానికి ఒక చిన్న కిటుకు. వాళ్ల బ్రోషర్‌లో "ఆఫ్రికాలోనే అతి పెద్ద మురికివాడ, పది లక్షల జనం" అని ఉందేమో చూడండి. ఆ అంకె ఏళ్ల తరబడి చేతులు మారుతూ వచ్చింది. 2009 జనాభా లెక్కల్లో కిబెరాలో తేలింది దాదాపు 1,70,000 మంది. అదీ చిన్న సంఖ్య కాదు, రెండున్నర చదరపు కిలోమీటర్లలో అంతమంది. కానీ ఆ లెక్క బయటికొచ్చి ఇన్నేళ్లైనా పది లక్షలనే అమ్ముతున్నారంటే, వాళ్లకి ఆ చోటు గురించి తెలుసుకోవాలన్న ఆసక్తి ఎంతో అర్థమవుతుంది.

తర్వాత అడగాల్సింది, నా లక్షన్నరలో క్లినిక్‌కి ఎంత చేరుతుంది అని. రాతలో అడగండి. బస, భోజనం, ఎయిర్‌పోర్ట్ నుంచి కారు, ఆఫీసు ఖర్చులు పోగా చాలా చోట్ల క్లినిక్‌కి మిగిలేది నామమాత్రం. ఆ డబ్బుతో అక్కడ ఒక క్లినికల్ ఆఫీసర్‌కి కొన్ని నెలల జీతం ఇవ్వొచ్చు. చదువు పూర్తయి ఉద్యోగం లేక తిరుగుతున్న క్లినికల్ ఆఫీసర్లు, నర్సులు, డాక్టర్లు కూడా కెన్యాలో ఉన్నారు. దీని వెనక ఒక చేదు కథ ఉంది, మీరు తెలుసుకుని వెళ్లడం మంచిది. 2016 డిసెంబర్‌లో మొదలైన ప్రభుత్వ డాక్టర్ల సమ్మె 100 రోజులు నడిచింది. అది ముగిశాక టాంజానియా నుంచి 500 మంది డాక్టర్లను తెస్తామన్నారు, కెన్యా డాక్టర్లకే ఉద్యోగాల్లేవంటూ కొందరు కోర్టుకెళ్లారు, అది ఆగిపోయింది. 2018లో క్యూబా నుంచి 100 మంది వచ్చారు. సమ్మె జరుగుతున్నప్పుడు ఇండియా నుంచి కూడా తెస్తామన్న మాటలు వినిపించాయి. 2024లో డాక్టర్లు, క్లినికల్ ఆఫీసర్లు మళ్లీ నెలల తరబడి సమ్మె చేశారు. కాబట్టి ఒక విదేశీ డాక్టర్ ఉచితంగా చేస్తానంటూ వచ్చి కూర్చుంటే అక్కడి కుర్ర డాక్టర్‌కి ఎలా ఉంటుందో ఊహించుకోండి. మీరు వెళ్లేటప్పటికి సమ్మె నడుస్తుంటే ప్రయాణం వాయిదా వేసుకోండని నా సలహా. వేరేలా ఆలోచించేవాళ్లూ ఉన్నారు, పేషెంట్లు ఇబ్బంది పడతారు కదా అంటారు. నేను మాత్రం వెళ్లను.

అసలు కిబెరాలో పేరున్న క్లినిక్‌లలో ఒకటి ఎలా మొదలైందో చూడండి. టబితా అటియెనో ఫెస్టో అని ఒక నర్సు, భర్త పోయి, ఉద్యోగం లేక అక్కడే ఉండేది. 2000లో రై బార్కాట్ అనే అమెరికన్ విద్యార్థి ఆమెకి 26 డాలర్లు ఇచ్చాడు. ఆమె ఆ డబ్బుతో కూరగాయల వ్యాపారం చేసి, వచ్చిన లాభంతో తన ఇంట్లోనే క్లినిక్ పెట్టింది. ఆమె 2004లో చనిపోయింది. టబితా క్లినిక్ ఇప్పటికీ ఆమె పేరు మీదే ఉంది. బయటివాడి డబ్బు ఉంది నిజమే, వైద్యం చేసింది మాత్రం ఆ గల్లీ నర్సే. ఎంఎస్ఎఫ్ (డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్) వాళ్లు కూడా ఏళ్ల తరబడి నడిపిన కిబెరా సౌత్ హెల్త్ సెంటర్‌ని 2017లో నైరోబీ కౌంటీకి అప్పగించి పక్కకి తప్పుకున్నారు. మీరు వెళ్లే క్లినిక్‌లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారో తెలుసుకోండి. ఇన్‌ఛార్జి కెన్యా మనిషేనా, ఆయన మీతో నేరుగా మాట్లాడతాడా, లేక అంతా ఏజెన్సీ ద్వారానేనా?

సరే, ఆరు వారాల్లో ఏం చేయగలరు? మొదటి రెండు వారాలు ఎవరెవరో, ఏది ఎక్కడుందో తెలుసుకోవడానికే సరిపోతాయి. మిగిలిన నాలుగు వారాలకి నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పని రిజిస్టర్లు. చాలామంది మొహం చిట్లిస్తారు, ఇందుకా ఇంత దూరం వచ్చింది అని. టీబీ రిజిస్టర్ తీసుకోండి. కఫం పాజిటివ్ వచ్చిన ప్రతి పేషెంట్ ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలు ఎంతమంది ఉన్నారు, వాళ్లని పరీక్షించారా, నివారణ మందు మొదలుపెట్టారా? ఆ గడులు సగం ఖాళీగా ఉంటాయి, ఎందుకంటే అరవై మంది క్యూలో నిలబడి ఉంటే క్లినికల్ ఆఫీసర్‌కి వెనక్కి తిరిగి చూసే టైం ఎక్కడిది? మీరు ఆ పేర్లు ఒక కాగితం మీదకి ఎక్కించి, ఇంటింటికీ తిరిగే కమ్యూనిటీ హెల్త్ ప్రమోటర్‌కి ఇవ్వండి. 2023 నుంచి ప్రభుత్వం దేశమంతటా దాదాపు లక్ష మందిని ఈ పేరుతో కిట్లు ఇచ్చి పెట్టింది. ఏ వరసలో ఏ తలుపు అనేది వాళ్లకే తెలుసు, ఎందుకంటే ఇంటి నంబర్లు ఉండవు. వాళ్లు పిల్చుకొస్తారు. అలాగే టీకాలు మధ్యలో మానేసిన పిల్లల పేర్లు, ఏఆర్‌టీ మందులకి రాకుండా పోయినవాళ్ల పేర్లు. ఈ లిస్టుల్లోంచి బయటపడే పిల్లలు ఓపీలో మీరు చూసేవాళ్ల కన్నా ఎక్కువ మంది ఉంటారు.

మందుల గది ఇంకోటి. ఎక్స్‌పైరీ తేదీ దగ్గరపడినవి ముందుకి జరపడం, ఏ మందు ఎంత ఉందో రాసే బిన్ కార్డులో ఉన్న లెక్కా అరలో ఉన్న లెక్కా సరిపోతుందో చూడటం. జింక్ ఎప్పుడు అయిపోబోతోందో రెండు వారాల ముందే చెప్పగలిగితే, మార్చి నుంచి మే దాకా పడే పెద్ద వానల్లో, విరేచనాలు పెరిగే రోజుల్లో, పిల్లలకి ఓఆర్ఎస్‌తో పాటు అది అందుతుంది. క్యూలో కూర్చున్న పిల్లల జబ్బకి కొలత టేపు చుట్టడం కూడా మీరు చేయొచ్చు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లకి 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ వస్తే తీవ్రమైన పోషకాహార లోపం. ఆ తల్లి దగ్గు మందు కోసం వచ్చి ఉంటుంది, క్యూలో తన వంతు వచ్చేదాకా అది ఎవరి కంటా పడదు.

రిఫరల్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే కొత్త డాక్టర్లు దీన్ని ఒక చీటీ అనుకుంటారు. గర్భిణికి బీపీ పెరిగింది, పిల్లాడికి ఊపిరి అందట్లేదు, పెద్దాసుపత్రికి పంపాలి. దగ్గర్లో ఎంబగాతి హాస్పిటల్ ఉంది, ఆపైన కెన్యాట్టా. దూరం కొద్ది కిలోమీటర్లే. కానీ గల్లీలోకి అంబులెన్స్ రాదు. రోడ్డు దాకా ఎత్తుకెళ్లాలి, వానపడితే ఆ మట్టిలో కాలు నిలవదు. రాత్రయితే ఎవరు తోడు వస్తారు? టాక్సీ డబ్బులు ఎవరి ఎం-పెసా (ఫోన్‌లో డబ్బు పంపే ఖాతా) లోంచి? ఇంట్లో మిగతా పిల్లల్ని పక్కింటావిడకి అప్పజెప్పాలి. పొద్దున పనికి పోకపోతే ఆ రోజు కూలి పోతుంది. ఇండస్ట్రియల్ ఏరియాలో రోజు కూలికి నడిచివెళ్లే మనిషికి ఇది చిన్న విషయం కాదు. అక్కడికి చేరాక ఇన్సూరెన్స్ ఉందా అని అడుగుతారు. పాత ఎన్‌హెచ్‌ఐఎఫ్ పోయి 2024 అక్టోబర్ నుంచి ఎస్‌హెచ్‌ఏ అని కొత్త పథకం వచ్చింది. పేరు నమోదు చేసుకోవాలి, రోజు కూలివాళ్లు కూడా చందా కట్టాలి. చాలామందికి కట్టడం కుదరదు. అందుకే చీటీ పట్టుకున్న మనిషి చాలాసార్లు ఇంటికే పోతుంది.

మంచి క్లినిక్‌లో రిఫర్ చేసినప్పుడు అవతలి వార్డుకి ఫోన్ చేస్తారు, రోడ్డు దాకా ప్రమోటర్‌ని తోడిస్తారు, మర్నాడు చేరిందా లేదా అని కనుక్కుంటారు. ఆ మర్నాటి ఫోన్ చేసే పని మీరు అడిగి తీసుకోండి. మీకు స్వాహిలీ రాదు కాబట్టి మీతో ఒక నర్సు కూర్చోవాలి, ఆమెకి వీలైన టైంలోనే చేయండి. ఎవరు చేరలేదు, ఎందుకు చేరలేదు అని రాసిపెట్టిన నోట్‌బుక్ మీరు వచ్చేశాక కూడా వాళ్లకి పనికొస్తుంది.

మందులు తేవాలా అంటే, వద్దు. ఫిజీషియన్ శాంపిళ్లు మూటకట్టుకుని వెళ్లడం మనవాళ్లకి బాగా అలవాటు. దేశంలోకి మందు రావాలంటే ఫార్మసీ అండ్ పాయిజన్స్ బోర్డు అనుమతి కావాలి. దానంగా ఇచ్చే మందులకి దేశంలో అడుగుపెట్టేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని డబ్ల్యూహెచ్‌వో ఎప్పటి నుంచో చెప్తోంది. బ్రాండు పేర్లు తేడా, డోసు తేడా, మీరు తెచ్చిన ఇరవై సీసాలు అయిపోయాక ఆ పేషెంట్ ఏం వాడాలి? ఇన్‌ఛార్జిని అడగండి, వాళ్లకి కావాల్సింది ఒక గ్లూకోమీటర్‌కి స్ట్రిప్పులో, పిల్లల బీపీ కఫ్‌లో అయి ఉంటుంది. అదీ నైరోబీలోనే కొనిస్తే చెడిపోయినప్పుడు రిపేర్ అవుతుంది. మీ వాడకానికి మీ స్టెత్, మీ పల్స్ ఆక్సీమీటర్, గట్టి అడుగున్న మూసుకున్న బూట్లు తీసుకెళ్లండి. చెప్పులతో కిబెరాలో తిరగలేరు.

మీరు ఇండియన్ కావడం గురించి ఎవరూ ముందుగా చెప్పరు, నేను చెప్తాను. 1896 నుంచి 1901 దాకా మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు వరకు రైలు మార్గం వేయడానికి బ్రిటిష్‌వాళ్లు మన దేశం నుంచి ముప్పై వేల మందికి పైగా కూలీలను, ముఖ్యంగా పంజాబ్ నుంచి, తీసుకెళ్లారు. ఆ రైలు మార్గమే ఇప్పుడు కిబెరా మధ్యలోంచి పోతుంది. తర్వాత వచ్చిన గుజరాతీ కుటుంబాలు దుకాణాలు, ఫ్యాక్టరీలు పెట్టాయి. కిబెరా మనిషికి ఇండియన్ అంటే చాలాసార్లు తన యజమాని, లేదా తన భార్య పనిచేసే ఇంటి అమ్మగారు. "ముహిందీ" అని పిలుస్తారు, అందులో తిట్టు ఉండాల్సిన పని లేదు. కానీ మీ ముందు ఎదురు మాట్లాడకుండా తలూపేసి, మందు వాడకుండా ఉండే అవకాశం ఎక్కువ. అర్థమైందా అని అడగకండి, అర్థమైందనే అంటారు. ఇంటికెళ్లి ఎలా వాడతారో చెప్పమనండి. మనవాళ్ల వైద్యం మీద నమ్మకం మాత్రం బాగా ఉంది, ఎందుకంటే డబ్బున్న కెన్యావాళ్లు క్యాన్సర్‌కి, గుండెకి ఇండియా వస్తారని, హైదరాబాద్, చెన్నై పేర్లతో సహా అందరికీ తెలుసు. ఆ నమ్మకంతో క్లినికల్ ఆఫీసర్‌ని వదిలేసి మీ దగ్గరికే వస్తామంటారు. వెనక్కి ఆమె దగ్గరికే పంపండి.

భద్రత. అమ్మానాన్నకి ఇలా చెప్పండి: బస కిబెరా బయట, చీకటి పడకముందే బయటికి రావడం, లోపల ఎప్పుడూ క్లినిక్ మనిషి తోడు ఉండటం, ఫోన్ చేతిలో పట్టుకుని నడవకపోవడం. ఈ నాలుగూ క్లినిక్ వాళ్లే పట్టుబట్టి చెప్పాలి. చెప్పకపోతే ఆ క్లినిక్ మీద నాకు నమ్మకం లేదు. నిరసన ప్రదర్శనలు ఉన్న రోజు ప్రమోటర్లు పొద్దున్నే మెసేజ్ పెడతారు, ఆ రోజు వెళ్లకండి. ఎన్నికల సమయంలో అసలు వద్దు, 2007 ఎన్నికల తర్వాతి గొడవల్లో కిబెరా బాగా దెబ్బతింది. వచ్చేవి 2027 ఆగస్టులో.

నా భయం దొంగల గురించి కన్నా సూది గురించి. చేతికి సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ రాకుండా పీఈపీ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు, 28 రోజులు వాడాలి. ఆ మందులు క్లినిక్‌లో ఉంటాయా, ఆదివారం అయితే ఎవరిని పిలవాలి, వెళ్లిన మొదటి రోజే కనుక్కోండి. హెపటైటిస్ బీ మూడు డోసులు పూర్తయ్యాయో లేదో, యాంటీబాడీ లెవెల్ చూపించుకున్నారో లేదో ఇక్కడే తేల్చుకోండి. వారాంతంలో మసాయి మారాకో, మొంబాసాకో, కిసుముకో వెళ్లేట్టయితే మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు అవసరం.

ఫోటోలు తీయకండి. కెన్యాలో 2019 నుంచి డేటా రక్షణ చట్టం ఉంది, పేషెంట్ ఫోటో స్టేటస్‌లో పెడితే క్లినిక్ ఇరుక్కుంటుంది. చట్టం లేకపోయినా మన పిల్లల ఫోటో ఎవరో పెడితే మనం ఊరుకుంటామా?

చివరగా ఎల్లో ఫీవర్ టీకా. ఇది చాలామంది ఆఖరి వారానికి వదిలేస్తారు. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ టీకా వేసుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు లేకపోతే మన ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపి, ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. వేసుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, ఒకసారి వేసుకుంటే జీవితాంతం సరిపోతుంది. ప్రైవేటు క్లినిక్‌లో వేయించుకుంటే కుదరదు, ప్రభుత్వం గుర్తించిన సెంటర్‌లోనే. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీసు ఉంది. ముందే ఫోన్ చేసి ఏ రోజు వేస్తారో కనుక్కుని వెళ్లండి. గుడ్డు అలర్జీ ఉంటే ముందే చెప్పండి.

ఏజెన్సీ మీకు పంపిన ఉత్తరం ఉంటే పేర్లు, ఫోన్ నంబర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి. లైసెన్స్ గురించి, డబ్బు గురించి ఏం రాశారో చూసి చెప్తాను. ఇన్‌ఛార్జితో ఒకసారి వీడియో కాల్ ఏర్పాటు చేయమని కూడా అడగండి. కుదరదంటే ఆ మాట కూడా రాయండి.